కథ రాయడం నేర్పాలంటే మొదట ఏ అంశం పట్టుకోవాలి?

మాంబళం మూర్తి | సోమవారం, రాత్రి 9.12

అందరికీ నమస్కారం. చెన్నై టి.నగర్‌లో మా అపార్టుమెంటు కింది హాల్లో ఆదివారాలు కొందరం కూర్చుని తెలుగు కథలు చదువుకుంటున్నాం. వచ్చేవాళ్ళలో కాలేజీ పిల్లలే ఎక్కువ. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళు. అక్షరాలు పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకుని పట్టుదలగా చదువుతున్నారు. ఇప్పుడు వాళ్ళే అడుగుతున్నారు, ఇక రాస్తాం, ఎలా రాయాలో చెప్పండి అని.

కథారచన మీద ఏ పుస్తకం తెరిచినా ఇంచుమించు ఒకే పట్టిక కనిపిస్తుంది: వస్తువు, సంవిధానం, పాత్రలు, నేపథ్యం, దృష్టికోణం, సంఘర్షణ, సంభాషణ, శైలి. వీటిని బోర్డు మీద రాసి నిర్వచనాలు చెప్పడం తేలికే. కాని నిర్వచనం బట్టీపట్టినవాడు పరీక్ష రాస్తాడు గాని కథ రాయలేడు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. వచ్చే ఆదివారం మొదటి పాఠం. ఒకే ఒక్క అంశంతో మొదలుపెట్టమంటే మీరు దేన్ని ఎంచుకుంటారు? ఎందుకు?

పెరంబూరు పాఠకుడు | సోమవారం, రాత్రి 9.40

మూర్తి గారూ, సందేహమే అక్కర్లేదు. సంవిధానం, అంటే సంఘటనల అల్లిక. తర్వాత ఏమైందని వినేవాడు అడగకపోతే మీ పాత్రలూ శైలీ ఎవరికి కావాలి?

నేను రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైనవాణ్ణి. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకాయన వారపత్రికలో సీరియల్ పైకి చదివేవాడు. చదువు రానివాళ్ళు కూడా తిన్న చెయ్యి కడుక్కోవడం మరిచి వినేవారు. వాళ్ళను అలా కట్టిపడేసింది వర్ణనలు కావు. ఈ వారం తలుపు తట్టినవాడు ఎవరో తెలియాలన్న ఆరాటం.

అరిస్టాటిల్ విషాద నాటకానికి ఆరు అంగాలు చెప్పి, అందులో సంవిధానానిదే మొదటి స్థానం అన్నాడు, పాత్రలది రెండోది. ఆయన తర్వాత రెండు వేల ఏళ్ళకు పైగా గడిచాక, 1927లో ఇ.ఎం.ఫార్‌స్టర్ అనే ఇంగ్లీషు నవలా రచయిత దీన్నే చిన్న ఉదాహరణతో తేల్చాడు. రాజు చనిపోయాడు, తర్వాత రాణి చనిపోయింది అంటే అది వరుస మాత్రమే. రాజు చనిపోయాడు, ఆ దుఃఖంతో రాణి చనిపోయింది అంటే సంవిధానం వచ్చింది. రెండు సంఘటనల మధ్య కారణం పడింది కనుక.

పిల్లలకు ఈ అభ్యాసం ఇవ్వండి. వాళ్ళు రాసిన ప్రతి రెండు సంఘటనల మధ్యా ‘అందువల్ల’ అని గాని ‘అయినా సరే’ అని గాని పెట్టి చూడమనండి. ‘ఆ తర్వాత’ తప్ప ఇంకేదీ అతకకపోతే అక్కడ కథ ఇంకా పుట్టలేదన్నమాట.

వాణి టీచర్ | సోమవారం, రాత్రి 10.25

పెరంబూరు గారూ, మీరిచ్చిన అభ్యాసం బాగుంది, నా తరగతిలో కూడా చేయిస్తాను. కాని మీ ఉదాహరణే నా పక్షాన మాట్లాడుతోంది. దుఃఖంతో చనిపోయింది అన్నారు. ఆ దుఃఖం ఎక్కడినుంచి వచ్చింది? రాజు పోతే హమ్మయ్య అనుకునే రాణి ఉండవచ్చు. కొడుకు పట్టాభిషేకం కోసం ఏడుపు దిగమింగుకునే రాణి ఉండవచ్చు. జరిగింది ఒకటే, మనిషి మారేసరికి కథే మారిపోయింది. కారణం సంఘటనలో లేదు, మనిషిలో ఉంది. కాబట్టి పాత్రతోనే మొదలుపెట్టాలి.

ఇక్కడో ఇబ్బంది ఉంది. పాత్రను రాయమంటే పిల్లలు పొడుగూ రంగూ కట్టుకున్న చీరా రాసి, చివర మంచి మనసు గలది అని చేరుస్తారు. అది గుర్తింపు కార్డు వివరం. ఆమెకు ఏం కావాలి అని అడగండి, కలం ఆగిపోతుంది. దానికి ఏది అడ్డు అని అడగండి. చివరగా, దానికోసం ఆమె దేన్ని వదులుకుంటుంది అని అడగండి. మూడో ప్రశ్నకు జవాబు దొరికిన రోజున పాత్ర లేచి నడుస్తుంది. నా అనుభవంలో మొదటి రెండు ప్రశ్నలకూ ఎవరైనా ఏదో ఒకటి రాస్తారు. మూడోది రాసేముందు మాత్రం కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు.

1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’ మీ పిల్లలు చదివే ఉంటారు. అర్ధరాత్రి ఇల్లు చేరిన మగవాడు, ఒక నౌకరు, ఒక ఉత్తరం. ఇంతే కదా అందులో జరిగింది? భార్య చివరిదాకా కంటికి కనిపించదు. అయినా ఆమె కోరిక ఏమిటో మనకు స్పష్టంగా తెలుసు, కథంతా ఆ కోరిక చుట్టూనే తిరుగుతుంది.

సంస్కృతం మాస్టారు | మంగళవారం, ఉదయం 6.05

ఈ తగువు మన శాస్త్రాల్లోనూ ఉంది, పరిష్కారమూ ఉంది. పదో శతాబ్దంలో మాళవ రాజు ముంజుడి ఆస్థానంలో ఉన్న ధనంజయుడు దశరూపకం అనే నాట్యగ్రంథంలో, ఒక రూపకాన్ని, అంటే నాటకాన్ని, మరోదాని నుంచి వేరుచేసేవి మూడు అన్నాడు: వస్తువు, నేత, రసం. ఏమి జరిగింది, ఎవరికి జరిగింది, చూసేవాడికి ఏమైంది. మూడోదాన్ని మనం సాధారణంగా మరిచిపోతాం.

మీ వాదానికి ఇంకా దగ్గరగా వచ్చేది అంతకన్నా పాతదైన నాట్యశాస్త్రం. కార్యానికి అది ఐదు అవస్థలు చెప్పింది: ప్రారంభం, ప్రయత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం. ఫలం మీద కోరిక పుట్టడం, దానికోసం పూనుకోవడం ముందు వస్తాయి. ఆ పైన దొరుకుతుందేమోనన్న ఆశ, చేజారుతుందేమోనన్న శంక ఒకేసారి కమ్ముకునే దశ. తర్వాత అడ్డు తొలగి, ఇక తప్పదని నిశ్చయం కావడం. చివరికి చేతికందడం. 1863లో ఫ్రైటాగ్ అనే జర్మన్ రచయిత నాటకానికి ఒక పిరమిడ్ గీశాడు, ఇప్పటి పాఠాల్లో అందరూ చూపించేది దాన్నే. అది సంఘటనల ఎక్కుదిగుళ్ళను చూపిస్తుంది. మన అవస్థలు చూపించేది ఒక మనిషి ఆశ ఏ స్థితిలో ఉందో. అంటే పెరంబూరు వారి సంవిధానాన్ని వాణి గారి పాత్ర కోరికతో కొలిచారు. రెండూ ఒకే వస్త్రానికి పడుగూ పేకా.

ఒక్క హెచ్చరిక. అవి ఫలం చేతికందే నాటకాల కోసం చేసిన సూత్రాలు. నేటి కథ చాలాసార్లు ప్రాప్త్యాశ దగ్గరే ఆగిపోతుంది. ఆగనివ్వండి.

పెరంబూరు పాఠకుడు | మంగళవారం, ఉదయం 7.30

మాస్టారూ, ఆశా శంకా ఒకేసారి అన్నారు చూడండి, సీరియల్లో ప్రతివారం ‘సశేషం’ పడేది సరిగ్గా అక్కడే! అయినా నా ఓటు సంవిధానానికే.

భారతాభిలాషి | మంగళవారం, మధ్యాహ్నం 1.15

పట్టికలో ఐదోదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. దృష్టికోణం. ఎవరు చెబుతున్నారు, ఎవరికి చెబుతున్నారు అన్నది తేలకుండా ఒక్క వాక్యం కూడా రాయలేం. నా ఓటు దీనికే.

వ్యాసభారతంలో యుద్ధం ఎలా మొదలవుతుందో గమనించండి. పదో రోజున సంజయుడు రణరంగం నుంచి వచ్చి, ముందుగా చెప్పే మాటే భీష్ముడు పడిపోయాడని. ఫలితం చెప్పేశాడు! ఆ తర్వాతే ధృతరాష్ట్రుడు ఎలా జరిగిందని అడుగుతాడు, అప్పుడు సంజయుడు మొదటి రోజుకు వెనక్కి వెళతాడు. ద్రోణ, కర్ణ, శల్య పర్వాల్లోనూ ఇదే పద్ధతి. సేనాపతి పోయాడన్న వార్త ముందు, అతని యుద్ధం తర్వాత. పెరంబూరు గారు చెప్పిన ‘తర్వాత ఏమైంది’ అన్న ప్రశ్నను కవి మొదట్లోనే తీసి పక్కన పెట్టాడు. అయినా వేల శ్లోకాలు చదివిస్తాడు.

ఎలా? వింటున్నది కళ్ళు లేని తండ్రి. యుద్ధభూమిలో ఉన్నది ఆయన కొడుకులు. జూదం నాడు ఆపగలిగి కూడా ఆపనివాడు ఆయన. ప్రతి ‘ఎలా’ వెనకా ఆ బరువు ఉంది. ఇదే యుద్ధాన్ని సంజయుడు కుంతికి చెబితే ప్రతి పర్వం వేరుగా మొదలయ్యేది. ఒక్క బాణం కూడా మారనక్కర్లేదు, కథ మాత్రం అది కాదు.

పిల్లలకు ఉత్తమ పురుష, ప్రథమ పురుష అంటూ వ్యాకరణంలా చెప్పకండి. ఈ సంగతి తెలిసినవాడు ఎవడు, తెలియాల్సినవాడు ఎవడు, ఆ ఇద్దరికీ మధ్య ఏముంది అని అడగండి.

మాంబళం మూర్తి | మంగళవారం, రాత్రి 8.50

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మూడు సమాధానాలు వచ్చాయి, మూడూ సరైనవిగానే కనిపిస్తున్నాయి. మాటలతో తేలదు కనుక ఒక నమూనా మీద పరీక్షిద్దాం. మా బృందంలోని స్రవంతిని తను రాసింది ఇక్కడ పెట్టమని అడిగాను. తెలుగులో ఆ అమ్మాయి తొలి రచన ఇది. మెచ్చుకోవడం కోసం చదవకండి, పనిముట్లతో చదవండి.

సైదాపేట స్రవంతి | మంగళవారం, రాత్రి 9.35

అందరికీ నమస్కారం. మా ఇంట్లో జరిగినదే రాశాను.

“2015 డిసెంబరు 1 రాత్రి అడయారు నది పొంగి సైదాపేటలోకి నీళ్ళు వచ్చాయి. మేము కింది వాటాలో ఉండేవాళ్ళం. అమ్మ టైలరు. అందరం మేడ మీదికి పరుగెత్తాం. కరెంటు లేదు. ఫోన్లు పనిచేయలేదు. చాలా భయం వేసింది. అమ్మ మాత్రం మళ్ళీ కిందికి వెళ్ళి జాకెట్ల మూట తీసుకుని వచ్చింది. ఆమె ధైర్యం చూసి అందరూ మెచ్చుకున్నారు. తెల్లవారాక పడవలు వచ్చి మమ్మల్ని తీసుకువెళ్ళాయి. మనిషికి చేసే పని మీద గౌరవం ఉండాలని ఆ రాత్రి తెలుసుకున్నాను.”

వాణి టీచర్ | మంగళవారం, రాత్రి 9.58

స్రవంతీ, అమ్మ మళ్ళీ కిందికి వెళ్ళింది అన్నచోట నేను ఆగిపోయాను. కథ అక్కడుంది. అడుగుతాను, చెప్పు తల్లీ. ఇంట్లో కుట్టు మిషను ఉంది కదా, దాన్ని వదిలి జాకెట్లే ఎందుకు? నీ సర్టిఫికెట్లు ఎక్కడున్నాయి అప్పుడు? మూట తెచ్చాక ఏం చేసింది?

సైదాపేట స్రవంతి | మంగళవారం, రాత్రి 10.20

మిషను బరువు టీచర్, ఒక్కరే మోయలేరు. నా సర్టిఫికెట్లు బీరువా కింది అరలోనే ఉండిపోయాయి, తడిసిపోయాయి. జాకెట్లు అన్నీ పెళ్ళివాళ్ళవి. మార్గళి నెల వస్తే పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి అంతకుముందు వారాల్లో ముహూర్తాలన్నీ వరసగా ఉంటాయి, అమ్మకు రాత్రింబవళ్ళు పని.

ప్రతి జాకెట్‌కూ పేరు రాసిన కాగితం ముక్క గుండుసూదితో గుచ్చి ఉంచుతుంది. మూట తెచ్చేసరికి కాగితాలు తడిసి సిరా కారిపోయింది, ఒక్క పేరూ మిగలలేదు. తెల్లవారాక మేడ మీద కూర్చుని టేపుతో ఒక్కొక్కటీ కొలుస్తూ ఇది ఫలానావాళ్ళది అని చెబుతూ పోయింది. అన్నీ సరిగ్గా చెప్పింది. ఇది కథకు పనికొస్తుందని నాకు అనిపించలేదు.

వాణి టీచర్ | మంగళవారం, రాత్రి 10.26

అదే కథ.

కోడంబాకం కలం | బుధవారం, అర్ధరాత్రి 12.40

పని నుంచి ఇప్పుడే వచ్చి అంతా చదివాను. నాది డబ్బింగ్ సినిమాలకు మాటలు రాసే వృత్తి. తెర మీద పెదవి ఎంతసేపు కదిలితే అంతసేపే మన మాట ఉండాలి. పెదవులు మూసుకున్నచోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి. మూలంలో నటుడు చిన్న మాట అని తల తిప్పుకుంటే, దాని వెనక ఎంత అర్థమున్నా మనకు దొరికేది ఆ చిన్న మాటంత జాగానే. ఈ పని నాకు నేర్పింది ఒకటే: మనుషులు తమ మనసులో ఉన్న కారణాన్ని వివరించరు, ఆ కారణం పుట్టించిన పనిని చెబుతారు.

స్రవంతి గారి రచనలో సంభాషణే లేదు. పెడదాం అనుకోండి. మేడ మెట్ల మీద కూతురు ఆపుతుంది. తల్లి ఏమంటుంది? మొదట తోచేది ఇలా ఉంటుంది: “మిషను పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు, కాని నన్ను నమ్మి బట్ట ఇచ్చినవాళ్ళకు మాట పోతే ఎలాగమ్మా?” వినడానికి బాగుంది. నీళ్ళు మెట్లెక్కుతుండగా ఎవరూ అలా మాట్లాడరు. అందులో తల్లి కూతురితో మాట్లాడటం లేదు, రచయిత్రి పాఠకుడికి సంజాయిషీ ఇస్తోంది.

ఆమె “ఎల్లుండి ముహూర్తం” అని మెట్లు దిగితే చాలు. గడువు వచ్చింది, పని వచ్చింది, ఇక వాదించే వీలు లేదన్న తెగింపూ వచ్చింది. కూతురు “మరి నా సర్టిఫికెట్లు?” అని అడుగుతుందా? అడగాలనుకుని ఆగుతుందా? నేనైతే ఆపుతాను. అడగని ఆ మాట కథ చివరిదాకా వాళ్ళిద్దరి మధ్య ఉంటుంది.

వడపళని వాసి | బుధవారం, ఉదయం 8.10

నేపథ్యం గురించి చెప్పాలి. వరద, చీకటి, కరెంటు లేకపోవడం అన్నీ ఉన్నాయి గాని అవి ఒక వార్తలా ఉన్నాయి. నేపథ్యం పాత్ర మీద పని చేయాలి. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’కు 1952లో అంతర్జాతీయ కథల పోటీలో ద్వితీయ బహుమతి వచ్చింది. ఆ తుఫాను అలంకారం కాదు. నియమాల గోడలు కట్టుకుని బతికే పెద్దమనిషిని ఆ రాత్రి ఒక రైల్వే స్టేషన్లో, మామూలుగా కన్నెత్తి చూడని ఒక బిచ్చగత్తెతో కలిపి పడేస్తుంది. గాలి లేకపోతే అతని నియమాలు భద్రంగా ఉండేవి.

స్రవంతీ, నీ కథలో ఆ పని చేసేది నది కాదు, మేడ మెట్లు. నది దూరంగా ఉంది, అది కనిపించదు. మెట్లు కనిపిస్తాయి. నీళ్ళు ఎన్నో మెట్టు మీద ఉన్నాయో చెప్పు. పాఠకుడు మిగతాది లెక్కపెట్టుకుంటాడు.

భారతాభిలాషి | బుధవారం, ఉదయం 9.45

ఇక నా వంతు. ఈ కథను ముగ్గురు చెప్పవచ్చు.

తల్లి చెబితే, ఎందుకు దిగిందో మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. చీకట్లో నడుము లోతు నీళ్ళలో మూట వెతకడం మన కళ్ళకు కట్టించవచ్చు. బలమంతా కింది గదిలో ఉంటుంది.

సర్వజ్ఞ కథకుడు చెబితే నదిలోకి నీళ్ళు వదిలిన చెరువు గేట్లూ, వానా, ఊరూ అన్నీ తేవచ్చు. కాని ఇంత చిన్న కథకు ఆ చూపు మరీ ఎత్తు.

కూతురు చెబితే ఆమెకు కింద ఏం జరుగుతోందో తెలియదు. గోడ మీద టార్చి వెలుగు మాత్రమే కనిపిస్తుంది. అమ్మ దేనికోసం వెళ్ళిందో సగమే తెలుసు. అక్కడ పుట్టే భయాన్ని ‘చాలా భయం వేసింది’ అని రాయాల్సిన అవసరమే ఉండదు. పైగా తన సర్టిఫికెట్ల సంగతి ఆమెకు ఉంది, కాబట్టి ఆమె నిష్పక్షపాతి కూడా కాదు. నేను దీన్నే ఎంచుకుంటాను. పెరంబూరు గారూ, చూడండి, ఎవరు చెబుతున్నారో మార్చగానే ఏ సంగతి ముందు, ఏది వెనక అన్న మీ అల్లికే మారిపోయింది.

సంస్కృతం మాస్టారు | బుధవారం, ఉదయం 10.30

భారతాభిలాషి గారు భయం మాట ఎత్తారు కనుక ఒక చేర్పు. రసాన్ని, దానికి మూలమైన స్థాయీ భావాన్ని దాని పేరుతోనే చెప్పడం దోషమని మమ్మటుడు అనే అలంకారికుడు కావ్యప్రకాశంలో లెక్కించాడు. స్వశబ్దవాచ్యత అంటారు. భయం అన్న మాట వాడితే చదివేవాడికి భయం కలగదు, వార్త చేరుతుంది అంతే. వడపళని వారి మెట్ల లెక్క చదివేటప్పుడు ఆ భయం దానంతట అదే పుడుతుంది. ‘ధైర్యం చూసి మెచ్చుకున్నారు’ కూడా తీసేయమ్మా.

పెరంబూరు పాఠకుడు | బుధవారం, ఉదయం 11.20

ఇంతమంది ఇన్ని చెప్పారు, నా పరీక్ష కూడా పెట్టనివ్వండి. మార్గళి వస్తోంది, అందువల్ల ముహూర్తాలు దగ్గరపడ్డాయి. అందువల్ల ఇంటినిండా ఇతరుల బట్టలు. నీళ్ళు వచ్చాయి, అయినా సరే ఆమె దిగింది. చీటీలు తడిశాయి, అయినా సరే ఎవరివో పోల్చుకుంది. గొలుసు ఎక్కడా తెగలేదు. ఒక్క పడవ మాత్రం ఊరికే వచ్చింది. అది దేనివల్లా రాలేదు, దేనికీ దారి తీయలేదు. జరిగి ఉండవచ్చు, కాని కథలో దానికి చోటు లేదు.

సైదాపేట స్రవంతి | బుధవారం, రాత్రి 11.15

మళ్ళీ రాశాను. పూర్తి కాలేదు, రెండు చోట్లు మాత్రం పెడుతున్నాను.

“నీళ్ళు నాలుగో మెట్టు మీద ఉండగా అమ్మ టార్చి అందుకుంది.

‘ఎక్కడికమ్మా?’

‘ఎల్లుండి ముహూర్తం.’

వెలుగు గోడ వెంట కిందికి జారి మలుపు దగ్గర మాయమైంది. పిన్ని కమ్మీ పట్టుకుని వంగి అక్కా అక్కా అని పిలుస్తోంది. నా సర్టిఫికెట్ల సంచి బీరువా కింది అరలో ఉంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఐదో మెట్టు మునిగింది. కింద ఏదో ఇనుప వస్తువు పడ్డ చప్పుడు. ఆరో మెట్టు అంచు తడుస్తోంది.”

ఇది తెల్లవారాక:

“అమ్మ జాకెట్లను కమ్మీ మీద వరసగా ఆరేసింది. గుండుసూదులకు కాగితం పీచు మాత్రం వేలాడుతోంది. మెడలో టేపు తీసి ఒకదాన్ని పరిచి కొలిచింది. ‘భుజం పద్నాలుగున్నర. ఇది మూడో వీధి టీచరమ్మది.’ పిన్ని ఎలా చెప్పగలిగావని అడిగింది. అమ్మ రెండోదాన్ని తీసుకుంది. ‘కుడి చెయ్యి అర అంగుళం పొడుగు. ఈవిడ కుడిచేత్తో నీళ్ళ బిందెలు మోస్తుంది.’”

ఎక్కడ ఆపాలో తెలియడం లేదు. పాత రచనలో చివరి వాక్యం పెట్టమంటారా?

వాణి టీచర్ | గురువారం, ఉదయం 6.40

ఆ బిందెల సంగతి నువ్వు చెప్పేదాకా మాలో ఎవరికీ తెలియదు. ఒక్క కొలతలో ఇంకో మనిషి బతుకు వచ్చి నిలబడింది. పాత చివరి వాక్యం అక్కర్లేదు. పని మీద గౌరవం అన్న ఆ కథావస్తువు టేపులోనే ఉంది.

పెరంబూరు పాఠకుడు | గురువారం, ఉదయం 8.05

నేను ఇక్కడ విభేదిస్తాను. పాఠం చెప్పే వాక్యం వద్దు, సరే. కాని జాకెట్లు పెళ్ళికి చేరాయా లేదా? గడువు పెట్టి దాని ఫలితం దాచడం నా దృష్టిలో పాఠకుణ్ణి మధ్యలో వదిలేయడమే. మాస్టారు ఫలాగమం అన్నారు కదా.

సంస్కృతం మాస్టారు | గురువారం, ఉదయం 8.50

ఆగనివ్వండి అని కూడా అన్నాను! అయితే పెరంబూరు వారి పట్టు న్యాయమైనదే. ఫలం ఏదన్నది ముందు తేల్చుకోవాలి. జాకెట్లు చేరడమే ఫలమైతే అది చెప్పాలి. తల్లి ఎవరో కూతురికి తెలియడం ఫలమైతే అది మేడ మీదే సిద్ధించింది. ఇది రచయిత్రి నిర్ణయం, మనది కాదు.

వడపళని వాసి | గురువారం, ఉదయం 11.30

మూర్తి గారి అసలు ప్రశ్నకు వస్తాను. ఇక్కడ జరిగినదంతా గమనిస్తే, కథ కదిలింది వాణి గారు ‘మిషను వదిలి జాకెట్లే ఎందుకు’ అని అడిగినప్పుడు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబుగా గడువు వచ్చింది, చీటీలు వచ్చాయి, టేపు వచ్చింది. వాటి వెంటే సంభాషణ, మెట్లు, దృష్టికోణం అన్నీ కదిలాయి. కాబట్టి మొదటి పాఠం పట్టికలోని ఏ అంశమూ కాదు, అడగడం.

దీనికి మన దగ్గర తయారుగా ఒక పద్ధతి ఉంది. 1947 జూలైలో ఇదే ఊళ్ళో మొదలైన చందమామ చదివి పెరిగినవాళ్ళకు బేతాళ కథలు తెలుసు. సంస్కృతంలో ఉన్నవి ఇరవై అయిదే. చందమామ ఆ చట్రంలో వందల కొత్త కథలు చెప్పింది. శవంలోని బేతాళుడు కథ పూర్తిగా చెప్పేస్తాడు, సంఘటనలన్నీ ముగుస్తాయి. అప్పుడు అడుగుతాడు: అతను చేతికందిన రాజ్యం ఎందుకు వదులుకున్నాడు? ఆమె క్షమించడానికి కారణం ఏమిటి? విక్రమార్కుడి జవాబు విన్నాక మనం చదివిన కథనే కొత్తగా చూస్తాం. బేతాళుడి ప్రశ్న చాలాసార్లు పాత్ర చేసిన ఎంపిక మీదే ఉంటుంది. తర్వాత ఏమైందని అతను ఎన్నడూ అడగడు.

తరగతిలో ఇలా చేయండి. ఒకరు అరపేజీ చదవాలి, సంఘటనలు మాత్రమే, కారణాలు రాయకూడదు. వింటున్నవాళ్ళలో ఒకరు బేతాళుడు. పాత్ర చేసిన ఏదో ఒక ఎంపిక మీద ఒకే ప్రశ్న వేయాలి. రాసినవారు నోటితో జవాబు చెప్పకూడదు, వారంలో రాసి తేవాలి. జవాబు వివరణగా వస్తే మళ్ళీ రాయించండి. పనిగానో, వస్తువుగానో, మాటగానో వచ్చేదాకా.

భారతాభిలాషి | గురువారం, మధ్యాహ్నం 12.10

బాగుంది. ఒక్క షరతు. బేతాళుడిగా కూర్చున్నవారు ‘ఇది ఎవరు చెబుతున్నారు’ అన్నది కూడా అడగాలి. లేకపోతే అందరూ అన్నీ తెలిసిన కథకుడి గొంతులోనే రాస్తారు.

కోడంబాకం కలం | గురువారం, మధ్యాహ్నం 2.30

నాదీ ఒకటి. రాసినదాన్ని పైకి చదివించండి, సంభాషణలు ఇద్దరి చేత. మనిషి నోట పలకని వాక్యం రెండో మాట దగ్గరే దొరికిపోతుంది. ఈ ఆదివారం నాకు పని లేదు, వస్తాను.

మాంబళం మూర్తి | గురువారం, రాత్రి 9.05

నిర్ణయం అయిపోయింది. బోర్డు మీద పట్టిక ఉండదు. వడపళని గారి పద్ధతిలోనే నడుపుతాం, భారతాభిలాషి గారి రెండో ప్రశ్న కూడా కలిపి. పట్టికలోని పేర్లు అవసరం పడినప్పుడు ఒక్కొక్కటే చెబుతాను. పిల్లలు తాము అప్పటికే చేసిన పనికి పేరుగా వాటిని నేర్చుకుంటారు. స్రవంతి తన రెండు ముగింపులూ రాసి తెస్తానంది, ఒకటి పెరంబూరు గారి కోరిక ప్రకారం, ఇంకొకటి వాణి గారు ఆపమన్నచోట. రెండూ చదివించి బృందం చేతే మాట్లాడిస్తాం.

ఇక్కడ రాసిన మీరందరూ వస్తే పిల్లలు సంతోషిస్తారు. ఉదయం పది గంటలకు.

పెరంబూరు పాఠకుడు | గురువారం, రాత్రి 9.20

తప్పకుండా వస్తాను. మాంబళం స్టేషన్లో దిగితే రంగనాథన్ వీధి వైపు రావాలా, అవతలి వైపా? ఆ అమ్మాయి రెండు ముగింపుల కాపీలు ముందు పంపితే అందరికీ జిరాక్స్ తీసి తెస్తాను.

మాంబళం మూర్తి | గురువారం, రాత్రి 9.24

రంగనాథన్ వీధి వైపే రండి. ఆదివారం అక్కడ జనం కిక్కిరిసి ఉంటారు కాబట్టి తొమ్మిదిన్నరకల్లా స్టేషన్ దగ్గరికి నేనే వస్తాను. కాపీలు స్రవంతి శనివారం పంపుతుంది.